కొలతకు కూడా మార్కులు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక తండ్రి రాసిన లేఖ చదివాను. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏ గది ముందు బోర్డు చూసినా పేరుకు ముందు డాక్టర్ అనే ఉంటోందని, ఇన్ని పీహెచ్‌డీల వల్ల పిల్లలకు గానీ ఊళ్లకు గానీ ఏం ఒరిగిందని ఆయన అడిగారు. ఆయన కొడుకు ఇ.సి.ఇ. (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) మూడో సంవత్సరం చదువుతున్నాడట. ఫీజు కడుతున్న మనిషికి ఆ మాట అడిగే హక్కు పూర్తిగా ఉంది. నేను ఇక్కడే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా ఇ.సి.ఇ. పాఠాలు చెబుతున్నాను. వైర్‌లెస్ కమ్యూనికేషన్స్‌లో ఎనిమిదేళ్లు కష్టపడి పీహెచ్‌డీ తెచ్చుకున్నాను. ఆయనకు జవాబు చెప్పాల్సిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. లేఖ పొడుగైంది. వీలైతే కత్తిరించకుండా వేయమని మనవి.

నా పరిశోధన మా నాయన మామిడి తోటలో, మోటారు స్టార్టర్ దగ్గర మొదలైంది.

మాది పాకాల మండలంలో ఒక చిన్న పల్లె. నాయనకు నాలుగు ఎకరాల తోట. ఎక్కువ భాగం తోతాపురి, గట్టు వెంబడి కొన్ని నీలం చెట్లు. కాయ దామలచెరువు మండీకి పోతుంది, అక్కడి నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు. అప్పట్లో మాకు వ్యవసాయ కరెంటు విడతలుగా వచ్చేది. ఒక విడత అర్ధరాత్రి దాటాక ఇచ్చేవాళ్లు. నాయన టార్చిలైటు పట్టుకుని, పురుగూ పుట్రా తప్పుకోవాలని చేతికర్ర నేలకు తాటిస్తూ బోరు దగ్గరికి నడిచేవాడు. పక్క తోట ఆయన్ని అట్లా పోతూ ఉండగా కట్లపాము కరిచింది. బతికి బయటపడ్డాడు గానీ, ఆ తర్వాత మా అమ్మకు రాత్రిళ్లు కంటి మీద కునుకు లేకుండా పోయింది. అందుకే 2008లో నాయన మొబైల్ స్టార్టర్ పెట్టించాడు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఆ స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. ఇంట్లో మంచం మీద నుంచే దానికి ఫోన్ చేస్తే తోటలో మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది.

ఎండాకాలంలో బిగించారు. రెండు నెలలు బాగా పనిచేసింది. వానలు మొదలయ్యాక మొరాయించింది. నంబరు అందుబాటులో లేదనే మాట వినీ వినీ మా అమ్మకు కంఠతా వచ్చేసింది. నాయన మళ్లీ టార్చిలైటు పట్టుకున్నాడు. అమ్మిన వాళ్లు వచ్చి చూసి పెట్టెలో లోపం లేదు, సిమ్ మార్చండి అన్నారు. మార్చాం. అయినా అంతే. ఒకరోజు విసుగు పుట్టి నాయన ఆ ఇనుప పెట్టె మీద అయస్కాంతంతో అతుక్కుని ఉన్న యాంటెనాను పీకి జానెడు పక్కన పెట్టాడు. వెంటనే మోటారు పలికింది. ఆ సాయంత్రం నేను ఊరికి వెళ్తే, “ఏం పాపా, పక్కకు జరిపితే వస్తా ఉండాది. ఎందుకో మీ చదువులో రాసుండాదా?” అని అడిగాడు.

రాసుంది. టవర్ నుంచి వచ్చే తరంగం ఒక్క దారిలో రాదు. కొండకు తగిలి, వాటర్ ట్యాంకుకు తగిలి, చెట్ల మొదళ్లకు తగిలి ఎన్నో దారుల్లో వచ్చి చేరుతుంది. ఒకచోట అవన్నీ కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ స్టార్టర్ సిమ్ పనిచేసే 900 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే జానెడు కంటే కాస్త తక్కువ జరిపినా సిగ్నల్ లేనిచోట రావచ్చు, ఉన్నచోట పోవచ్చు. మేం దీన్ని ఫేడింగ్ అంటాం. ఇంతవరకు నాయనకు చెప్పగలిగాను. వానాకాలంలోనే ఎందుకు ఎక్కువ మొరాయిస్తోందో, ఈ తోటలో ఏ ఎత్తున పెడితే ఏడాది పొడుగునా పనిచేస్తుందో మాత్రం చెప్పలేకపోయాను. ఎం.టెక్ చేస్తున్నాను, పరీక్షల్లో మంచి మార్కులు వస్తున్నాయి, అయినా నాకు తెలియలేదు.

ఆ సంవత్సరమే క్లాసులో మాకు ఒకుమురా–హాటా మోడల్ చెప్పారు. టవర్‌కు ఇంత దూరంలో సిగ్నల్ ఎంత తగ్గుతుందో లెక్కగట్టే సూత్రం అది. మొబైల్ నెట్‌వర్కులు ప్లాన్ చేసేటప్పుడు ప్రపంచమంతా వాడింది. ఒకుమురా, ఆయన తోటి ఇంజినీర్లు టోక్యోలోనూ దాని చుట్టుపక్కలా తిరిగి, కొలిచి, ఆ ఫలితాలను 1968లో ప్రచురించారు. వాళ్ల గ్రాఫులను 1980లో హాటా సూత్రాలుగా మలిచాడు. అందులో చోటును బట్టి సవరణలు ఉంటాయి. పెద్ద నగరానికి ఒకటి, చిన్న నగరానికి ఒకటి, శివారుకు ఒకటి, బయలుకు ఒకటి. బయలు అంటే ఎత్తయిన చెట్లు గానీ భవనాలు గానీ అడ్డం లేని వరి పొలాల్లాంటి చోటు. నేను లేచి, “సార్, మామిడి తోట వీటిలో దేని కిందికి వస్తుంది?” అని అడిగాను. క్లాసులో కొందరు నవ్వారు. సారు నవ్వలేదు. ఆ సూత్రంలో ఫోను ఎత్తు ఒక మీటరు నుంచి పది మీటర్ల దాకా ఉన్నప్పుడే అది చెల్లుతుందని, మా నాయన స్టార్టర్ పెట్టె మోకాలెత్తులో ఉంటే అది ఆ లెక్కలోకే రాదని చెప్పి, “కొలిచి చూడమ్మా. నువ్వు కొలిచేదాకా ఆ జవాబు ఎవరి దగ్గరా ఉండదు” అన్నారు.

చెట్ల వల్ల సిగ్నల్ ఎంత పోతుందో లెక్కగట్టే సూత్రాలు విడిగా ఉన్నాయి. ఎక్కువ మంది వాడేది 1982లో వైస్‌బర్గర్ ఇచ్చిన సూత్రం. అది సమశీతోష్ణ దేశాల అడవుల్లో, దట్టంగా ఆకులున్న, తడి లేని చెట్లకు సరిపోయేలా తయారైంది. మన మామిడి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో తడుస్తూనే ఉంటుంది. ఆకులో నీళ్లు, ఆకు మీద నీళ్లు. నీళ్లు రేడియో తరంగాలను బాగా పీల్చుకుంటాయి. టోక్యో వాళ్లను గానీ, వైస్‌బర్గర్‌ను గానీ నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల ఊళ్లను వాళ్లు కొలుచుకున్నారు. మన ఊళ్లను మనం కొలుచుకోకుండా వాళ్ల అంకెలు తెచ్చి పెట్టుకున్నాం.

2010లో పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నాను. వారానికి పద్దెనిమిది గంటల క్లాసులు, అడ్మిషన్ల డ్యూటీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో. ఇది నా ఒక్కదాని కథ కాదు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. తోట గురించే రాస్తాను.

మొదట సొంతంగా ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి కొలుద్దామనుకున్నాను. అది కుదరదు. లైసెన్సు లేకుండా ఆ ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ వదలకూడదు. అప్పుడు మా గైడ్ ఒక దారి చూపించారు. ప్రతి 2జీ టవర్ బీసీసీహెచ్ అనే చానల్‌ను రాత్రింబవళ్లు ఒకే పవర్‌తో ప్రసారం చేస్తుంది. ఫోన్లు టవర్‌ను గుర్తుపట్టేది దాంతోనే. పంపే పవర్ మారదు కాబట్టి, మన దగ్గరికి వచ్చేసరికి ఎంత మారినా ఆ మార్పు దారిలో జరిగిందే. దాన్ని వింటూ కూర్చుంటే చాలు. సిగ్నల్ బలాన్ని కొలిచే పరికరం, చేతిలో పట్టుకునే స్పెక్ట్రమ్ ఎనలైజర్, కొత్తది కొనాలంటే లక్షలవుతుంది. తెలిసిన ఒక సారు పుణ్యాన నెలకు రెండు శనివారాలు అరువు దొరికింది. శుక్రవారం సాయంత్రం బస్సులో ఒళ్లో పెట్టుకుని పాకాల దాకా తెచ్చేదాన్ని, ఆదివారం రాత్రికి తిరిగి ఇచ్చేదాన్ని. దానికేమైనా అవుతుందేమోనని దారి పొడుగునా టెన్షన్.

ఫేడింగ్ ఉన్నచోట ఒక్క రీడింగు తీసి రాసుకుంటే అది అబద్ధంతో సమానం. జానెడు పక్కన వేరే అంకె వస్తుంది కదా. తరంగం పొడవుకు 40 రెట్ల దూరం నడుస్తూ యాభై దాకా రీడింగులు తీసి సగటు కట్టాలి. 900 మెగాహెర్ట్జ్‌కు అది 13 మీటర్లు. నాయన ఒక కొబ్బరి తాడు కొలిచి, దానికి జానకొక ముడి వేసి ఇచ్చాడు. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఆ తాడు కట్టి, ముడి ముడికీ ఆగి రీడింగు చెప్పేదాన్ని. అమ్మ నోటుబుక్కులో రాసేది. ఐదో తరగతి దాకా చదివిన మా అమ్మ, మైనస్ ఎనభై రెండు, మైనస్ తొంభై ఒకటి అని తప్పు లేకుండా నిలువు వరసలు రాసింది. ఏ చెట్టు దగ్గరో తేడా రాకుండా నాయన మొదళ్ల మీద సున్నంతో నంబర్లు వేశాడు. దారిన పోయేవాళ్లు ఆగి, “ఏం పాపా, బోరు పాయింట్ చూస్తా ఉండావా?” అని అడిగేవాళ్లు. ఫోన్ సిగ్నల్ అని చెబితే, “అట్లయితే మా తోటకూ రా మే” అని పిలిచేవాళ్లు. అట్లా ఇంకో రెండు తోటలు దొరికాయి.

చిగురు వేసినప్పుడు, జనవరిలో పూత నిండుగా ఉన్నప్పుడు, కాయ కోసేశాక, వాన వెలిసిన గంటకు, వాన వెలిసిన మరుసటి రోజు. ఇట్లా నాలుగేళ్లు అవే చెట్ల మధ్య తిరిగాను. తడి ఆకు చేసే నష్టం పొడి ఆకు కంటే ఎప్పుడూ ఎక్కువే. మొదట నాకు అర్థం కాని విషయం ఇంకొకటుంది. సిగ్నల్ కోసం మా వైపు రైతులు యాంటెనాను ఒక కర్రకు కట్టి నిలువెత్తున పెట్టేవాళ్లు. మా తోటలో అట్లా పెడితే సిగ్నల్ మోకాలెత్తులో కంటే అధ్వానంగా వచ్చింది. ఎందుకంటే నిలువెత్తు దగ్గరే కొమ్మలు విచ్చుకుని ఆకు గుబురుగా ఉంటుంది. కింద మొదళ్ల మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. లేపితే గుబురు దాటి పైకి లేపాలి, లేదంటే కిందే ఉంచాలి. పైకి లేపేటప్పుడు సన్న కేబుల్ వాడితే, ఎక్కించి తెచ్చిన సిగ్నల్ ఆ కేబుల్లోనే కారిపోతుంది. మంచి కేబుల్ కొనాలి. నాయన వెదురు బొంగు కట్టి, చెట్ల కొసలు దాటించి యాంటెనా పెట్టాడు. ఆ తర్వాత వానకు కూడా మోటారు ఆగలేదు. చుట్టుపక్కల తోటల వాళ్లు వచ్చి చూసి, వాళ్లూ బొంగులు కట్టుకున్నారు. లేఖ రాసిన ఆ తండ్రి అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఆ బొంగులే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 900 మెగాహెర్ట్జ్ తరంగం మామిడాకు కంటే పొడవు. ఇప్పుడు 5జీకి ఎక్కువగా వాడుతున్న 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం ఎనిమిదిన్నర సెంటీమీటర్లే, అంటే ఆకు కంటే చిన్నది. 2022 వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ దగ్గరైతే పన్నెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆకు పెద్ద అడ్డంకి అవుతుంది. నేను 2జీ రోజుల్లో కొలిచిన పని ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చేయాలి. బిందు సేద్యం వాల్వులు, నేల తేమ చూసే సెన్సర్లు అన్నీ సిమ్ కార్డులతోనే వస్తున్నాయి, అవన్నీ ఉండేది ఆకు కిందనే.

పేపర్ రాసి ఒక విదేశీ జర్నల్‌కు పంపాను. కొత్తదనం లేదు, ఉన్న మోడల్స్‌తో పోల్చిన కొలతలే కదా అని ఒక రివ్యూయర్ రాశారు. ఒక్క తోట మీద తీర్పు ఎలా చెబుతారు అని ఇంకొకరు అడిగారు. రెండో ఆయన అన్నది న్యాయం. అందుకే మిగతా రెండు తోటలు కూడా కొలిచాను. మూడో జర్నల్‌లో, మొదటిసారి పంపిన రెండేళ్ల రెండు నెలలకు అచ్చయింది. నాలుగేళ్ల శనివారాలకు ఒక్క పేపర్.

ఆ నాలుగేళ్లలో నాతో పాటు చేరిన ఒక మిత్రుడు పదకొండు పేపర్లు వేశారు. ఆయన్ని నేను చులకన చేయడం లేదు. మా రంగంలో సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లోనే లెక్కగట్టి చూడడం, చాలా అవసరం. ఒక దారిలో తప్పు లేకుండా ఎంత సమాచారం పంపవచ్చో షానన్ అనే శాస్త్రవేత్త 1948లో కాగితం మీద గణితంతో తేల్చిన హద్దు దగ్గరికి చేరడానికే అందరం ఇప్పటికీ పాటుపడుతున్నాం. మన నేవీలో సోనార్ తయారు చేసి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లిన పాల్‌రాజ్ గారు, నా మోటారును ఏడిపించిన ఆ పది దారుల తరంగాలనే అదనపు దారులుగా వాడుకోవచ్చని చూపించారు. ఎక్కువ యాంటెనాలతో నడిచే మైమోకు మూలం అది. ఆయన పేటెంటు 1994లో వచ్చింది, 2014లో మార్కోని ప్రైజ్ ఇచ్చారు. అట్లాంటి ఆలోచన ఒక గదిలో కూర్చుని పుట్టవచ్చు. కానీ మా కాలేజీల్లో ఎక్కువగా జరిగేది అది కాదు. ఒక పాత పేపర్ తీసుకుని, చానల్ రేలీ ఫేడింగ్ (నేరుగా వచ్చే తరంగం లేదు, అన్నీ తగిలి వచ్చేవే అనే లెక్క) అనుకుని, మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక పరామితి మార్చి, వచ్చిన గ్రాఫ్ పెట్టి పంపుతారు. రేలీ అనుకోవడం సరైనదా కాదా అని ఎవరూ మన ఊరికి వెళ్లి చూడరు. చూస్తే ఏడాది పోతుంది. ఏడాదికి ఇన్ని పేపర్లు అని కాలేజీ మీటింగులో టార్గెట్ పెడతారు.

యూజీసీ 2010లో అధ్యాపకుల పనికి పాయింట్లు వేసే ఏపీఐ స్కోర్లు తెచ్చాక ప్రమోషన్లకు పేపర్ల లెక్క గట్టిగా పట్టుకుంది. దాంతో డబ్బు కడితే అచ్చువేసే జర్నల్స్ పుట్టగొడుగుల్లా పెరిగాయి. ఒకళ్లు నాకు రాసిన మెయిల్‌లో రెండున్నర వేలు కడితే మూడు రోజుల్లో వేస్తామన్నారు. ఆ రాత్రి నేను చాలాసేపు ఆలోచించాను. ప్రమోషన్‌కు ఇంకో పేపర్ తక్కువైంది. అమ్మ చేతిరాతతో ఉన్న నోటుబుక్కులు తెరిచి చూసి, కట్టకూడదని నిర్ణయించుకున్నాను. ప్రమోషన్ మూడేళ్లు వెనక్కి పోయింది. 2018లో యూజీసీ తన జాబితా నుంచి ఒకేసారి 4,305 జర్నల్స్ తీసేసింది. తర్వాత నమ్మదగిన జర్నల్స్‌కు కేర్ అనే జాబితా పెట్టింది (2025లో దాన్ని ఆపేసింది). 2022 నవంబరు నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు తప్పనిసరిగా పేపర్ వేయాలన్న షరతు కూడా ఎత్తేసింది. ఇవి మంచి మార్పులే. అయితే కొలిచే పనికి విలువ కట్టే పద్ధతి వీటిలో ఎక్కడా రాలేదు. కాలేజీలకు ర్యాంకులు ఇచ్చేటప్పుడు పరిశోధన కింద ఎక్కువగా అచ్చయిన పేపర్లే చూస్తున్నారు. నాలుగేళ్ల రీడింగులు నలుగురికీ అందుబాటులో పెట్టిన మనిషికి ఆ కాలమ్‌లో రాసుకోవడానికి గడి లేదు.

కొలత ఎంత దూరం పోగలదో మన దేశమే ఒకసారి చూపించింది. 5జీ ప్రమాణాలు తయారయ్యేటప్పుడు పల్లెల్లో టవర్ల మధ్య దూరం గురించి చర్చ వచ్చింది. మన ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ, ఐఐటీల పరిశోధకులు కలిసి మన పల్లెలు ఎట్లా ఉంటాయో లెక్కలు పట్టుకెళ్లారు. పంచాయతీ కేంద్రంలో టవర్ ఉంటుంది, చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో పల్లెలు ఉంటాయి, జనం రైలు వేగంతో కాకుండా నడక వేగంతో తిరుగుతారు, కాబట్టి టవర్ల మధ్య ఆరు కిలోమీటర్ల దూరం ఉన్నా పనిచేయాలని అడిగారు. అంతర్జాతీయ టెలికాం యూనియన్ దాన్ని ఒప్పుకుని తప్పనిసరి పరీక్షల్లో చేర్చింది. మన ఊళ్ల దూరాలు తెలిసిన వాళ్లు అక్కడ కూర్చోబట్టే అది జరిగింది.

మనకు దగ్గర్లో ఇంకో ఉదాహరణ ఉంది. మా పాకాల మండలంలోనే గాదంకి ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో రోజూ ఎన్నో బస్సులు ఆ ఊరి మీదుగా పోతాయి. 1995లో, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, స్కూలు వాళ్లు మమ్మల్ని అక్కడ వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ చూపించడానికి తీసుకెళ్లారు. మైదానం నిండా 32 వరసలు, వరసకు 32, మొత్తం 1,024 యాంటెనాలు. ఆకాశంలోకి 53 మెగాహెర్ట్జ్ తరంగాలు పంపి, ఖాళీగా కనబడే గాలి నుంచే తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని విని, కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో చెబుతారని అక్కడి సారు వివరించారు. నాకు ఆ రాత్రంతా అదే కలలోకి వచ్చింది. నేను ఇ.సి.ఇ. తీసుకోవడానికి కారణం ఆ మైదానమే. ముప్పై ఏళ్లుగా అక్కడ ఓపికగా గాలిని కొలుస్తూనే ఉన్నారు కాబట్టే ఆ చోటుకు దేశదేశాల్లో పేరుంది. గాదంకిలో గాలికి దక్కిన ఓపిక, దాని పక్కనే ఉన్న తోటల్లో, ఘాట్ రోడ్లలో, కొండ పక్క పల్లెల్లో మన ఫోన్ సిగ్నల్‌కు కూడా దక్కాలని నా కోరిక.

దీనికి కోట్లు అక్కర్లేదు. నేను బస్సులో ఒళ్లో పెట్టుకుని తిరిగిన పరికరం చేసే పనిలో సగం ఇప్పుడు కొన్ని వేల రూపాయల యూఎస్‌బీ రేడియో రిసీవర్ చేస్తుంది. ఉచితంగా దొరికే యాప్‌తో మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ కూడా సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపిస్తుంది. పది డెసిబెల్స్ తగ్గితే పదో వంతు మిగిలిందని, ఇరవై తగ్గితే నూరో వంతు అని ఒక్క క్లాసులో చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. పెద్ద పరికరాలు కావలసినప్పుడు, ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాటిని బయటివాళ్లు వాడుకోవడానికి ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ వచ్చింది. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది. నెలకు ఒక శనివారం తమ లాబ్ తలుపులు చుట్టుపక్కల కాలేజీల మాస్టర్లకు, విద్యార్థులకు తెరిస్తే ఎంతోమంది వస్తారు, నేను మొదటి వరసలో నిలబడతాను. ఈ జిల్లాల్లో తీసిన రీడింగులన్నీ ఎక్కడ, ఎప్పుడు, ఏ ఎత్తున, ఏ పరికరంతో తీశారో రాసి ఒకచోట పెట్టే పని ఏదైనా ఒక యూనివర్సిటీ తీసుకోవాలి. ఇంకొకళ్లు పరీక్షించి సరైనదని తేల్చిన కొలతల సంపుటికి ఒక పేపర్‌తో సమానంగా ప్రమోషన్‌లో మార్కులు వేయాలి. ఈ చివరి మాట కోసమే ఈ లేఖంతా రాశాను. అది జరిగిన రోజు, టార్గెట్ భయంతో గ్రాఫులు మారుస్తున్న మా కుర్ర మాస్టర్లు చాలామంది బయటికొస్తారు. వాళ్లకు తెలివి తక్కువేమీ లేదు. ఇంటి అద్దె కట్టాలి, ఉద్యోగం నిలబడాలి. ఏ పనికి మార్కులుంటే ఆ పని చేస్తున్నారు.

ఆ తండ్రికి ఒక మనవి. మీ అబ్బాయి నాలుగో సంవత్సరం ప్రాజెక్టు ఎక్కడైనా కొనుక్కొస్తానంటే డబ్బులు ఇవ్వకండి. మీ ఊరు ఏదో నాకు తెలియదు. ఏ ఊరైనా సరే, సిగ్నల్ రాని మూల ఒకటి ఉంటుంది. భాకరాపేట ఘాట్‌లో ఫలానా మలుపు దగ్గర కాల్ ఎందుకు కట్ అవుతుందో, రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ తలుపు దగ్గరికి తెస్తేనే ఎందుకు పనిచేస్తుందో, అవ్వాతాతలు ఎండలో నిలబడాల్సి రాకుండా దాని యాంటెనా ఎక్కడ పెట్టాలో కొలవమనండి. ఒక సెమిస్టర్ చాలు. వాడి కాలేజీలో ఎవరూ గైడ్ చేయకపోతే నేను చేస్తాను. మీరు సంపాదకులు గారికి రాస్తే వారు నాకు అందజేస్తారని ఆశిస్తున్నాను.

నా దగ్గర పన్నెండు నోటుబుక్కులు ఉన్నాయి. అందులో తొమ్మిది అమ్మ చేతిరాతవి. పోయిన వేసవిలో అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అడిగిన ఎవరికైనా ఊరికే ఇస్తాను. తోటలో సున్నం నంబర్లు ఏటా వెలిసిపోతుంటే నాయన ఇప్పటికీ మళ్లీ వేస్తుంటాడు. పోయిన ఏడాది గాలివానకు ఏడో వరసలో మూడు చెట్లు పడిపోయాయి. ఆ ఖాళీ వల్ల పక్క చెట్ల దగ్గర అంకెలు మారి ఉంటాయి. ఈ డిసెంబరులో వానలు ఉండగానే నలుగురు విద్యార్థులను తీసుకెళ్లి ఆ వరస మళ్లీ కొలవబోతున్నాను. పాత తాడు చీకిపోయిందని నాయన కొత్త తాడుకు ముడులు వేసి ఉంచాడు.

ఇట్లు,
ఒక ఇ.సి.ఇ. అధ్యాపకురాలు,
తిరుపతి